బ్యాటరి పరీక్షాయంత్రమూ, ఆదోని ఎండా

బ్యాటరి మంచిదో చెడ్డదో తేల్చే పరికరాలను గురించి మాట్లాడేవారు వాటి ముల్లునూ, అద్దంలో కనబడే అంకెలనూ మెచ్చుకొంటారు. పరీక్షలో పుట్టిన వేడి ఎక్కడికి పోతున్నదని అడిగేవారు తక్కువ. మే నెలలో నీడపట్టున కూడ 40 డిగ్రీలు దాటే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో మొదట అడుగవలసినది ఆ ప్రశ్నే.

ఇక్కడ బ్యాటరి విలాసవస్తువు కాదు. కరెంటు పోయినప్పుడు దుకాణంలో దీపం వెలిగేదీ, పత్తి మార్కెట్టుకు వెళ్లే బండి స్టార్టయ్యేదీ దానివల్లనే. పదివేల రూపాయలకు పైబడే ఇన్వర్టర్ బ్యాటరిని "ఇది పోయింది, మార్చుకోండి" అని ఒక పెట్టె చెప్పినప్పుడు, ఆ తీర్పు ఎంతవరకు నమ్మదగినదో విచారించవలెను గదా.

మోటారు మెకానిక్కుల వద్ద ఉండే పాతరకం లోడ్ టెస్టరును ముందు చూద్దాం. ఇందులో లావుపాటి నిరోధపు తీగ ఉంటుంది. 12 వోల్టుల బ్యాటరినుండి అది 200 ఆంపియర్లు లాగుతున్నదనీ, అప్పుడు వోల్టేజి 10కి దిగిందనీ అనుకొందాం. ఖర్చయ్యేది 2,000 వాట్లు. 15 సెకండ్లలో 30,000 జౌళ్లు. 28 డిగ్రీల వద్దనున్న 100 గ్రాముల నీటిని మరిగే స్థితికి తేవడానికి ఇది దాదాపు సరిపోతుంది. ఈ పరికరం మోటుదే, కాని నిజాయితీ గలది. తన వేడిని దాచుకోదు. తీగ కాలుతుంది, మెకానిక్కు చేయి తీస్తాడు. దీనితో వచ్చే చిక్కల్లా తీగ చల్లారకముందే రెండవ బ్యాటరికి తగిలించడం, అప్పుడే ఛార్జింగు ముగిసి హైడ్రోజన్ వాయువు విడుస్తున్న బ్యాటరి దగ్గర నిప్పురవ్వ లేపడం.

ఎలక్ట్రానిక్ పరికరాల సంగతి వేరు. 150 ఆంపియర్-గంటల బ్యాటరిని 20 గంటల రేటున పరీక్షించాలంటే 7.5 ఆంపియర్లను ఎడతెగకుండా లాగవలెను. అది సుమారు 90 వాట్లు. చూడడానికి చిన్న అంకె. కాని ఈ 90 వాట్లూ గోరంత సిలికాన్ ముక్క ఉన్న ఒక ట్రాన్సిస్టరులో 20 గంటలపాటు పుడుతూనే ఉంటాయి. ఆ ముక్కనుండి అల్యూమినియం రెక్కల దిమ్మెకూ, దిమ్మెనుండి గాలికీ వేడి నడవాలి. ఈ నడకకు కూడ ఒక నిరోధం ఉన్నది. ఓమ్ సూత్రం చదివిన విద్యార్థికి ఇది కొత్తది కాదు: విద్యుత్ప్రవాహానికి బదులు వాట్లనూ, వోల్టేజి భేదానికి బదులు ఉష్ణోగ్రతా భేదాన్నీ పెట్టుకొంటే చాలు.

మొత్తం ఉష్ణనిరోధం వాటుకు 1.2 డిగ్రీలనుకొందాం. 90 వాట్లకు సిలికాన్ పరిసరాలకంటె 108 డిగ్రీలు వేడెక్కుతుంది. 25 డిగ్రీల చల్లని గదిలో దాని ఉష్ణోగ్రత 133. సిలికాన్‌కు హద్దు 150 అయితే పరికరం క్షేమమే. 43 డిగ్రీల ఆదోని మధ్యాహ్నంలో అదే పరికరం 151కి చేరుతుంది. యంత్రం మారలేదు, బ్యాటరి మారలేదు. ఊరు మారింది. రెక్కల మధ్య జిన్నింగు మిల్లు దూదిపొడి చేరితే ఉష్ణనిరోధం ఇంకా పెరుగుతుంది. అప్పుడు హద్దు దాటడానికి మధ్యాహ్నం దాకా ఆగనక్కరలేదు.

ట్రాన్సిస్టరు వివరపత్రంలో "250 వాట్లు" అని ఉన్నది గదా అని కొందరంటారు. ఆ అంకె ట్రాన్సిస్టరు తొడుగును 25 డిగ్రీల వద్దనే నిలిపి ఉంచితే వర్తిస్తుంది. తొడుగు 100 డిగ్రీలకు చేరితే అదే వస్తువు ఓర్చుకొనేది 100 వాట్లే. మొదటి అంకెను పెద్ద అక్షరాలలో అచ్చువేసి, రెండవదాన్ని మూలనున్న గీతపటానికి వదలడం కొనేవానికి మేలు చేసే పద్ధతి కాదు.

ట్రాన్సిస్టరు మాడిపోతే కనీసం తెలుస్తుంది. అంతకంటె చెడ్డది వేడెక్కిన పరికరం అబద్ధం చెప్పడం. ప్రవాహాన్ని కొలిచే షంటును రాగితో చేశారనుకొందాం. డిగ్రీకి 0.39 శాతం చొప్పున, 40 డిగ్రీలు వేడెక్కేసరికి దాని నిరోధం సుమారు 16 శాతం పెరుగుతుంది. మీటరు 7.5 ఆంపియర్లు చూపుతున్నా నిజంగా పారేది 6.5 మాత్రమే. పది గంటలకు 75 ఆంపియర్-గంటలు లెక్క కడుతుంది. బ్యాటరి ఇచ్చినది 65. చచ్చుబడిన బ్యాటరి పాసైపోతుంది! మాంగనిన్ మిశ్రలోహంలో ఈ మార్పు వందల రెట్లు తక్కువ. తేడా ఒక చిన్న లోహపు ముక్కది. అక్కడ పొదుపు చేసిన తయారీదారుణ్ణి సమర్థించడం కష్టం.

వేడిని పంచే ఉపాయం లేకపోలేదు. ట్రాన్సిస్టరుకు వరుసలో పెట్టె వెలుపల ఒక ఓమ్ తీగనిరోధాన్ని కలిపితే, 7.5 ఆంపియర్ల వద్ద 56 వాట్లు అది తీసుకొంటుంది. ట్రాన్సిస్టరుకు మిగిలేది 34 వాట్లు. 43 డిగ్రీల ఎండలో కూడ సిలికాన్ 84 డిగ్రీల వద్దనే ఆగుతుంది. తీగ కాలడానికి పుట్టినది, సిలికాన్ కాదు.

చేతిలో ఇమిడే కండక్టెన్సు టెస్టర్లకు వేడి బాధ లేదు. అవి చిన్న సంకేతాన్ని పంపి అంతర్నిరోధాన్ని అంచనా వేస్తాయి. అయితే అవి చూపే "ఆరోగ్యం ఇంత శాతం" అనేది కొలిచిన ధారణ కాదు, ఊహించినది. పైగా బ్యాటరి వేడిగా ఉంటే అంతర్నిరోధం తగ్గి, ఉన్నదానికంటె బలిష్ఠంగా కనబడుతుంది. మన దేశంలో బ్యాటరి ధారణను 27 డిగ్రీలకు నిర్ణయిస్తారు. ఉష్ణోగ్రత అడగని టెస్టరు మే నెలలో ఇచ్చే సర్టిఫికెట్టును అనుమానంతో చదువవలెను.

ఉన్నత పాఠశాలలో ఇదంతా చూపడానికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. 60 వాట్ల హెడ్‌లైటు బల్బు 12 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు లాగుతుంది, వేడిని తానే సహిస్తుంది. అరగంటకొకసారి అమ్మీటరు, వోల్టుమీటరు, థర్మామీటరు మూడూ చదివి రాసుకోవాలి. వోల్టేజితోపాటు ప్రవాహం కొంచెం తగ్గుతుంది గనుక ఆంపియర్-గంటలను అరగంటకు అరగంట విడిగా కూడవలెను. వోల్టేజి 10.5కు దిగగానే బల్బు తీసివేయాలి.