బంతిని వదిలే విద్య

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించింది. ముందు గోల్ కొట్టింది మనవాళ్లే. పీకే బెనర్జీ కొట్టిన ఆ గోల్‌ను ఫ్రాన్స్ ఆట చివర్లో గానీ సమం చేయలేకపోయింది. అంతకు పన్నెండేళ్ల ముందు, 1948లో, లండన్ ఒలింపిక్స్‌లో ఇదే ఫ్రాన్స్ చేతిలో మనం 2-1తో ఓడాం. ఆనాడు మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. వచ్చిన రెండు పెనాల్టీలూ చేజారాయి. ఈ రెండు మ్యాచ్‌ల మధ్య కాలంలో మన ఆట మారడానికి ముఖ్య కారణం హైదరాబాద్‌కు చెందిన ఒక స్కూలు మాస్టారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరంతా రహీం సాబ్ అని పిలుచుకున్న మనిషి.

2024లో ఆయన మీద 'మైదాన్' సినిమా వచ్చాక ఆయన పేరు మళ్లీ వినబడుతోంది. సంతోషమే. అయితే సినిమా చూసి వచ్చినవాళ్లు గోల్స్ గురించి, జకార్తా బంగారు పతకం గురించి, ఆయన ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించి మాట్లాడుతున్నారు గానీ, ఆయన పిల్లలకు ఏం నేర్పారు, ఎలా నేర్పారు అన్నది మాట్లాడటం లేదు. నా దృష్టిలో ఆయన ఈ ఊరికి ఇచ్చిన అసలు ఆస్తి అదే: మైదానం మధ్యలో ఆడే ఆటగాణ్ని తయారుచేసే పద్ధతి. అప్పట్లో హాఫ్‌బ్యాక్ అనేవారు, ఇప్పుడు మిడ్‌ఫీల్డర్ అంటున్నాం.

మన ఊరి గౌలిపుర గల్లీల్లో ఆడే పిల్లల్ని కాసేపు గమనించండి. ఇటు గోడ, అటు గోడ, మధ్యలో నిలబెట్టిన బండ్లు. అంత ఇరుకులో బంతి దొరికిన పిల్లవాడు దాన్ని వదలడు. ఒకణ్ని తప్పిస్తాడు, ఇంకొకణ్ని తప్పిస్తాడు, మూడోవాడి దగ్గర పోగొట్టుకుంటాడు. లాల్ దర్వాజలోనైనా షాలిబండలోనైనా ఇదే ఆట. గల్లీ కాలికి చురుకునిస్తుంది, బంతి మీద పట్టునిస్తుంది. పక్కవాణ్ని చూడటం మాత్రం గల్లీ నేర్పదు. రహీం సాబ్ ఈ లోటును పట్టుకున్నారు. అందుకే ఆయన డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నమెంట్లు పెట్టించారు. బంతితో ఎదుటివాణ్ని తప్పించుకుంటూ పోవడానికి వీల్లేదు. అందగానే పాస్ ఇచ్చేయాలి.

వినడానికి చిన్న నిబంధనే, కానీ అది ఆటగాడిలో చాలా మార్చేస్తుంది. బంతి వచ్చాక ఆలోచిద్దామంటే కుదరదు కాబట్టి, అది రాకముందే ఎవరు ఎక్కడున్నారో తల తిప్పి చూసుకోవాలి. ఒంటిని సగం పక్కకు తిప్పి నిలబడాలి, అప్పుడే వెనకా ముందూ రెండూ కనబడతాయి. మొదటి టచ్‌లోనే బంతి ఎదుటివాడి కాలికి దూరంగా పడాలి. ఇదంతా బంతి అందుకున్నవాడి పని. మిగతా పదిమందికీ పని ఉంటుంది. పాస్ ఇవ్వడానికి ఎవరో ఒకరు ఖాళీలోకి వచ్చి నిలబడకపోతే బంతి ఉన్నవాడు చేయగలిగింది లేదు కాబట్టి, బంతి లేనివాళ్లు పరుగెత్తక తప్పదు. నా ఉద్దేశంలో ఆ నిబంధన గొప్పదనమంతా ఇక్కడే ఉంది. ఒక్కడి నైపుణ్యం మీద నడిచే ఆట పదిమంది ఆటగా మారిపోతుంది.

రెండో పద్ధతి, వాటంలేని కాలితోనే ఆడే పోటీలు. కుడికాలు వాటమున్నవాడు ఎడమకాలితోనే తన్నాలి. మధ్యలో ఆడేవాడికి ఇది అన్నం లాంటిది. ఒకే కాలు వాటమున్న హాఫ్‌బ్యాక్ ఎప్పుడూ ఒకవైపే తిరుగుతాడు. రెండు నిమిషాల్లో ఎదుటివాళ్లు అది పసిగట్టి ఆ దారి మూసేస్తారు. రెండు కాళ్లూ నడిచేవాడు బంతిని మరో కాలికి మార్చుకోవాల్సిన పనిలేదు, ఆ మార్చుకునే క్షణం మిగిలిపోతుంది. అంతర్జాతీయ ఆటలో ఆ క్షణమే ఖాళీ.

ఈ పెంపకంలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు దేశాన్ని ఏలింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు తెచ్చింది. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57, 1957-58లలో వరసగా రెండుసార్లు అందుకుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో మన ఊరివాళ్లు ఎక్కువ సంఖ్యలో ఉన్నారు: గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, లతీఫ్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం. ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

ఆ మ్యాచ్ పేరెత్తగానే నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ గుర్తొస్తుంది, రావాల్సిందే. కానీ నూర్ మహమ్మద్ గురించి కూడా చెప్పుకోవాలి. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయిన రోజులనూ, మెల్‌బోర్న్ వైభవాన్నీ రెండింటినీ చూసిన హాఫ్‌బ్యాక్ ఆయన. హెల్సింకీ దెబ్బ తర్వాత రహీం సాబ్ పాత 2-3-5 పద్ధతిని వదిలారు. 1953లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించిన హంగరీ ఆటతీరును మనవాళ్ల కాళ్లకు సరిపోయేలా మలిచారు. ఆ తర్వాత 4-2-4కు వెళ్లారు. ఆ పద్ధతిలో మైదానం మధ్యభాగమంతా ఇద్దరే మోయాలి. ఎదుటివాడి దాడిని తుంచాలి, మరుక్షణం మన దాడిని మొదలుపెట్టాలి. డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లలో పెరిగినవాళ్లు ఉండబట్టే ఆ పద్ధతి ఇక్కడ నిలబడింది. ముందువరుసలోనూ హాఫ్‌గానూ ఒకే తీరున ఆడగలిగిన యూసుఫ్ ఖాన్ ఈ చదువుకు చక్కని ఉదాహరణ. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన పదకొండుమందిలో ఆయనా ఉన్నాడు, బలరాం కూడా ఉన్నాడు. యూసుఫ్‌కు 1966లో అర్జున అవార్డు వచ్చింది.

ఇవాళ్టి కుర్రాళ్లకు హాఫ్‌బ్యాక్ అంటే తెలియకపోవచ్చు, ఎంగోలో కాంటే అంటే తెలుస్తుంది. ఫ్రాన్స్‌లో చిన్న క్లబ్బుల్లో మొదలుపెట్టి, 2016లో లెస్టర్‌తో, 2017లో చెల్సీతో ఇంగ్లండ్ లీగు గెలిచి, 2018లో ప్రపంచ కప్పు ఎత్తిన పొట్టి మిడ్‌ఫీల్డర్. గోల్ కొట్టినవాళ్ల జాబితాలో ఆయన పేరు వెతికితే చాలాసార్లు దొరకదు. బంతి లాక్కోవడం, దగ్గరివాడికి ఇవ్వడం, మళ్లీ పరుగెత్తడం. రహీం సాబ్ ఆయన్ను చూసి ఉంటే తన పిల్లవాడే అనుకునేవారు.

ఆ విద్యను వృత్తిగా చేసుకొని బతికిన హైదరాబాదీ మహమ్మద్ హబీబ్. 1949లో ఇక్కడే పుట్టాడు, ఆటగాళ్ల ఇంట్లో పెరిగాడు, అన్నదమ్ములంతా ఫుట్‌బాలర్లే. 1966లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. ఆ కాలంలో కలకత్తా ఆటగాళ్లు బ్యాంకులోనో రైల్వేలోనో కస్టమ్స్‌లోనో ఉద్యోగం చూసుకొని, అది పట్టుకొని ఆడేవారు. హబీబ్ ఉద్యోగాలు వద్దన్నాడు. ఆటే తన పని అన్నాడు. దేశంలో తొలి అసలైన ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అని ఆయన్ను అనడం అందుకే. పింఛను భరోసా లేని దారిని తెలిసి ఎంచుకోవడానికి ఎంత గుండె కావాలో, మన మధ్యతరగతి ఇళ్లలో వేరే చెప్పక్కర్లేదు.

ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. ఆ ఊళ్లో ఒక క్లబ్బు అభిమాని రెండో క్లబ్బు వాణ్ని మెచ్చుకోవడం అరుదు, ఈయన్ను మాత్రం అందరూ 'బడే మియా' అన్నారు. ఒడ్డూ పొడుగూ లేని మనిషి. బంతి పోతే వెంటపడి తెచ్చుకునేవాడు. గోల్‌కు వీపు పెట్టి పాస్ అందుకొని, వెనకవాడు మీదపడేలోపే వదిలేసేవాడు. 1976లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ తలపడిన ఆటలో 17వ సెకనులో గోల్ పడింది. ఉలగనాథన్ పక్కనుంచి బంతి వేశాడు, హబీబ్ తలతో దించాడు, ఆయన తమ్ముడు అక్బర్ కొట్టాడు. రికార్డు అక్బర్ పేరున ఉంది, ఉండాలి కూడా. నాకు మాత్రం ఆ మధ్యలోని తలదింపులో హైదరాబాద్ మొత్తం కనబడుతుంది. బంతిని ఆపలేదు, తానే కొడదామనుకోలేదు, తమ్ముడు ఎక్కడుంటాడో ముందే తెలుసు.

మరుసటి ఏడు సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసుకుంది. అందులో ఒక గోల్ హబీబ్‌దే. అంతకు ముందు, 1970లో, బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన జట్టులో ఆయన ఉన్నాడు. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా మన ఊరివాడే. 1980లో హబీబ్‌కు అర్జున వచ్చింది. ఆట మానేశాక టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లలకు నేర్పాడు. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. ఆయన తర్వాత మిడ్‌ఫీల్డ్‌లో మన ఊరి పేరు నిలబెట్టింది విక్టర్ అమల్‌రాజ్, ఆయనా కలకత్తా మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు.

తర్వాత ఆ ధార సన్నగిల్లింది. రహీం సాబ్ 1963 జూన్‌లో పోయారు. మంచి ఆటగాళ్లు కలకత్తా దారి పట్టారు. పోలీసు జట్టు వెనకటి వెలుగు కోల్పోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది 1965-66లో, మళ్లీ గెలవలేదు. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు మనసు నిండింది, నిజమే. కానీ క్లబ్బును కొనుక్కోవచ్చు, ఆటగాళ్లను తెచ్చుకోవచ్చు. పదేళ్ల పిల్లవాడికి తల ఎత్తి చూడటం నేర్పే పని మాత్రం బస్తీలోని బడిలోనే జరగాలి. రహీం సాబ్ మాస్టారుగా బడుల్లో పనిచేస్తూనే ఇదంతా చేశారన్నది మరవకూడదు.

కనుక గౌలిపుర, షాలిబండ, అలియాబాద్ బడుల పీఈటీ మాస్టార్లకు నాదొక మనవి. ఈ దసరా సెలవుల్లో ఒక చిన్న టోర్నమెంటు పెట్టండి. ఎవరైనా బంతిని రెండుసార్లకు మించి తాకితే ఫౌల్ అనండి. ఒక రోజంతా ఎడమకాలితోనే ఆడించండి. దీనికి ఒక బంతి, ఒక విజిల్ చాలు. మొదటి రెండు రోజులు పిల్లలు విసుక్కుంటారు, మానకండి.