ఒంటి సిలిండరు

వరి కోతలు మొదలయ్యాక కోనసీమలో ముక్తేశ్వరం చుట్టుపక్కల ఏ పొలానికి వెళ్లినా మూడు రకాల యంత్రాలు ఒక్కచోటే కనిపిస్తాయి. చేలో చైన్ మిషను కోస్తూ ఉంటుంది. పుంత దారిలో ధాన్యం తోలే ట్రాక్టరు ఆగి ఉంటుంది. బోదె పక్కన, కొబ్బరి చెట్టు మొదట్లో, బరకం కప్పిన పాత ఆయిలింజను ఉంటుంది. కరెంటు మోటార్లు వచ్చాక దానికి పని తగ్గింది. వాయుగుండం పట్టి చేలు మునిగి, కరెంటు కూడా పోయిన రోజున మాత్రం అందరికీ అదే గుర్తొస్తుంది. 1996 నవంబరు 6 తుపానుకు స్తంభాలు నేలకొరిగాక నీళ్లు తోడిపెట్టి ఆదుకున్నవి ఆ ఆయిలింజన్లే. వాటిమీద నాకున్న ఇష్టం అప్పటి నుంచి పెరుగుతూనే ఉంది.

ఈ మూడింటినీ నడిపే ఇంజనుకు పుట్టిల్లు ఒకటే, జర్మనీ. ఆయిలింజను మీద పూనా పేరో రాజ్‌కోట్ పేరో ఉంటుంది. చాలా మోడళ్లకు నమూనా ఇంగ్లండుది. అయినా లోపల జరిగే పని రుడాల్ఫ్ డీజిల్ కనిపెట్టిందే. గాలిని సిలిండర్లో గట్టిగా అదిమితే అది విపరీతంగా వేడెక్కుతుంది. అందులోకి నూనె చిమ్మితే స్పార్క్ ప్లగ్గు లేకుండా దానంతటదే అంటుకుంటుంది. ఈ సూత్రం మీద సవ్యంగా నడిచిన ఇంజనును డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో నడిపి చూపించాడు. శక్తి ఇంచుమించు 20 హార్స్‌పవర్, ఎత్తు మాత్రం నిలబడ్డ మనిషి కంటే ఎక్కువ. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనె పోసి నడిపారు. మొక్కల నూనెలకు ముందు ముందు మంచి రోజులు రావచ్చని తర్వాత డీజిల్ కూడా రాశాడు. కొబ్బరి నూనె ఆడే సీమలో పుట్టినవాణ్ని కనుక ఆ సంగతి చదివినప్పుడు నాకు ఆయన మరీ దగ్గరివాడనిపించాడు. 1913లో ఇంగ్లండు వెళుతూ ఓడ మీద నుంచి మాయమై చనిపోయాడు. పొలం దున్నే ట్రాక్టరులో తన ఇంజనును చూసుకునే రోజు ఆయనకు రాలేదు.

అది పొలానికి రాకుండా అడ్డుపడింది బరువు. ఆ రోజుల్లో నూనెను సిలిండర్లోకి చిమ్మాలంటే బాగా అదిమిపెట్టిన గాలి కావాలి, దానికోసం పక్కనే ఒక కంప్రెసరు ఉండాలి. మన్‌హైమ్‌లోని హైన్రిక్ లాంజ్ కంపెనీ ఇంజనీరు ఫ్రిట్స్ హ్యూబర్ ఈ చిక్కు జోలికి పోకుండా వేరే దారి పట్టాడు. 1921లో వచ్చిన ఆయన బుల్‌డాగ్ ట్రాక్టరుకు ఒకటే సిలిండరు, 12 హార్స్‌పవర్. సిలిండరు ముందు భాగంలో ఒక ఇనప బుడ్డి ఉంటుంది. దాన్ని బ్లోలాంపుతో బాగా కాల్చి ఫ్లైవీలు తిప్పితే ఇంజను అందుకుంటుంది. తర్వాతి మోడళ్లలో స్టీరింగు చక్రాన్నే ఊడదీసి, ఫ్లైవీలుకు తగిలించి తిప్పేవారు. నాసిరకం నూనె పోసినా నడిచేది. చెడిపోవడానికి అందులో ఎక్కువ భాగాలే లేవు. 1956లో లాంజ్ కంపెనీని జాన్ డీర్ కొనేసింది. మన ఊళ్లలో తిరిగే ఆ ఆకుపచ్చ ట్రాక్టర్ల కంపెనీకి ఇప్పటికీ మన్‌హైమ్‌లో పెద్ద ఫ్యాక్టరీ ఉంది.

కంప్రెసరు బెడదను తీర్చింది స్టట్‌గార్ట్‌లోని రాబర్ట్ బాష్ కంపెనీ. 1927 నుంచి వాళ్లు డీజిల్ ఇంజెక్షన్ పంపును పెద్ద ఎత్తున తయారుచేశారు. గాలి సాయం లేకుండా, కొలిచినంత నూనెను, సరిగ్గా ఆ క్షణానికి, భారీ ఒత్తిడితో చిమ్మే పంపు అది. లారీలకూ ట్రాక్టర్లకూ డీజిల్ ఇంజను అందుబాటులోకి రావడానికి అదే ముఖ్య కారణం. అదే బాష్ భాగస్వామ్యంతో 1951లో బెంగళూరులో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ మొదలైంది. మన మెకానిక్కులకు అది మైకో. 2008లో కంపెనీ పేరు బాష్‌గా మారింది కానీ, షెడ్లలో ఇప్పటికీ మైకో పంపు, మైకో నాజిలే.

ఆ నాజిల్‌ను దగ్గరగా చూస్తే ఈ కథ ఎంత సున్నితమైన పనితనం మీద నిలబడి ఉందో తెలుస్తుంది. మా ఊళ్లో రేకుల షెడ్డు కింద పంపులూ నాజిళ్లూ చూసే ఒక పెద్దాయన ఉన్నారు. ఇంజను నల్లపొగ వదులుతోందని రైతు నాజిల్ విప్పి తెస్తే ముందు దాన్ని చేతి టెస్టరుకు బిగిస్తారు. లివరు నొక్కుతుంటే గేజీలో ముల్లు పైకి లేస్తుంది. చదరపు సెంటీమీటరుకు 200 కిలోల దగ్గరకు వచ్చేసరికి నాజిల్ ‘కిర్ర్’మని ఒక్కసారి చిమ్ముతుంది. మంచి నాజిల్ అయితే డీజిల్ పొగమంచులా విచ్చుకుంటుంది, మొనన చుక్క నిలవదు. చుక్క నిలిచిందంటే విప్పాల్సిందే. లోపలి సూదిని తీసి, శుభ్రమైన డీజిల్‌లో కడిగి, నాజిల్‌ను ఏటవాలుగా పట్టుకుని సూదిని కాస్త బయటికి లాగి వదిలేస్తారు. అది తన బరువుకు తానే మెల్లగా జారుకుంటూ లోపలికి వెళ్లాలి. పట్టేయకూడదు, టక్కున పడిపోకూడదు. సూదికీ గోడకూ మధ్య ఉండే సందు మైక్రాన్లలోనే. అందుకే ఏ సూది ఆ నాజిల్‌కే, జత మారిస్తే పనికిరాదు. మొదటిసారి చూస్తున్నప్పుడు నేను దగ్గరికి వంగితే ఆయన గట్టిగా వారించారు. ‘‘చెయ్యి అడ్డం పెట్టకండి మాస్టారూ, తోలు చీల్చుకుని లోపలికి దూరిపోద్దండి!’’ నిజమే. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరుతుంది. గాయం చిన్నగానే కనిపిస్తుంది, ప్రమాదం చాలా పెద్దది.

ఇక ట్రాక్టరు సంగతి. మ్యూనిక్ దగ్గర ఫోర్‌స్టెర్న్ అనే పల్లెలో యోసెఫ్, ఆల్బర్ట్ ఐషర్ అనే అన్నదమ్ములు 1936లో తమ మొదటి ట్రాక్టరు తయారుచేశారు. అదే ఏడాది కొలోన్‌లోని డాయిట్జ్ కంపెనీ 11 హార్స్‌పవర్ ఒంటి సిలిండరు ట్రాక్టరును చిన్న రైతు కోసం తెచ్చింది. అక్కడివాళ్ల ప్రశ్న అమెరికా వాళ్ల ప్రశ్న కాదు. వందల ఎకరాల మైదానాన్ని ఎంత వేగంగా దున్నాలన్నది జర్మన్లకు పట్టలేదు. కొద్దిపాటి పొలం, నాలుగు ఆవులు ఉన్న కుటుంబం ఒక ఇంజనును కొని, పోషించి, తన చేత్తో బాగుచేసుకోగలదా అన్నదే వాళ్ల ప్రశ్న. దానికి ఐషర్ సోదరులు 1948లో ఇంకో మంచి జవాబు చెప్పారు. నీళ్లు అక్కర్లేకుండా గాలితోనే చల్లబడే డీజిల్ ఇంజనును ట్రాక్టరుకు పెట్టారు. రేడియేటరు లేదు, నీళ్ల పంపు లేదు, పగిలే గొట్టం లేదు, చలికాలంలో గడ్డకట్టే నీళ్లూ లేవు.

అదే 1948లో మన దేశంలో గుడ్ఎర్త్ అనే కంపెనీ దిగుమతి ట్రాక్టర్లు అమ్మడం, బాగుచేయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఐషర్ వాళ్లతో చేతులు కలిపింది. 1959 ఏప్రిల్ 24న ఫరీదాబాద్ ఫ్యాక్టరీ నుంచి ఐషర్ ట్రాక్టరు బయటికొచ్చింది. దేశంలో తయారైన మొదటి ట్రాక్టరుగా దానికి చరిత్రలో చోటుంది. తర్వాతి కథ ఇంకా విశేషం. జర్మనీలో అసలు కంపెనీ చేతులు మారుతూ మాసీ ఫెర్గూసన్ కిందికి వెళ్లింది. 1982లో దాన్ని కొన్నది మన దేశపు ఐషరే. నేర్చుకున్నవాళ్లు నేర్పినవాళ్ల ఫ్యాక్టరీకి యజమానులయ్యారు. ఆ ఫ్యాక్టరీ ఎంతోకాలం నిలవలేదు. ఇక్కడి ఐషర్ మాత్రం పెరిగింది, తర్వాత బుల్లెట్ బండ్ల రాయల్ ఎన్‌ఫీల్డును కూడా తీసుకుంది. 2005లో ట్రాక్టర్ల వ్యాపారాన్ని చెన్నైకి చెందిన టాఫే కంపెనీకి అమ్మింది. పేరు ఇప్పటికీ బానెట్ల మీద ఉంది.

మన నేలకు ఆ చిన్న రైతు ప్రశ్నా సరిపోయింది, జవాబూ సరిపోయింది. కోనసీమలో పొలమంటే ఎకరం, అర ఎకరం చెక్కలు. చుట్టూ కొబ్బరి గట్లు, మధ్యలో బోదెలు. అందులో భారీ ట్రాక్టరు తిరగడానికే చోటుండదు. ఒకటిన్నర లీటర్లు దాటే ఒకే సిలిండరుతో పాతిక హార్స్‌పవర్ ఇచ్చే ఐషర్‌కు ఇనప చక్రాలు తగిలించి దమ్ముకు దింపితే, డీజిల్ పొదుపుగా తాగుతూ పని చేసేది. పెద్ద పిస్టను కాబట్టి ఒక్కో దెబ్బా విడివిడిగా వినిపించేది. లోపాలు లేవని అనను. మోత ఎక్కువ, అదురు ఎక్కువ. సిలిండరు రెక్కల మధ్య బురదా గడ్డీ పేరుకుంటే ఇంజను కాగిపోతుంది, రోజూ శుభ్రం చేసి తీరాలి. కానీ ఆ శుభ్రం చేసే పనిలోనే రైతుకు తన ఇంజను పరిచయమయ్యేది. ఏ బోల్టు వదులైందో, ఎక్కడ ఆయిలు చెమరుస్తోందో కంటపడేది.

పాత యంత్రాల మీద మోజు అంటే పాతదనం మీద మోజు అనుకుంటారు చాలామంది. నాకు అలా అనిపించదు. ఒంటి సిలిండరు ఇంజనులో జరిగేదంతా ఒక మనిషి బుర్రలో పడుతుంది. ఆయిలింజను స్టార్టు చేయడమే చూడండి. డికంప్రెషన్ లివరు ఎత్తితే సిలిండర్లో గాలి నిలవదు, హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది. వేగం అందుకున్నాక లివరు వదిలేస్తే గాలి అదుముకుంటుంది, వేడెక్కుతుంది, నాజిల్ చిమ్ముతుంది, ఇంజను అందుకుంటుంది. డీజిల్ మహాశయుడు 1890లలో చేసిన ఆలోచన మొత్తం మన మణికట్టుకు తెలుస్తుంది. హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు కూడా మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టూ తిప్పి పట్టకూడదు. ఇంజను ఎదురు తన్నితే వేలు విరుగుతుంది. ఈ జాగ్రత్తను తాత కొడుక్కి, కొడుకు మనవడికి గట్టు మీదే నేర్పారు. అలా ఒక పరదేశీ శాస్త్రం మన పల్లె చదువుల్లో కలిసిపోయింది.

ఆ చదువు ఇప్పుడు ఆగిపోతోంది. నా బెంగంతా దాని గురించే.

కొత్త యంత్రాల మీద నాకు కోపం లేదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో కూలి ఖర్చు పెరగడం, గిట్టుబాటు ధర లేకపోవడం, పూడిపోయిన మురుగు కాలవలు ఉన్నాయి. కోత సమయానికి మనుషులు దొరకని చోట చైన్ మిషను ఆదుకుంటోంది. జర్మనీలోని వెస్ట్‌ఫాలియాలో 1913లో మొదలైన క్లాస్ కంపెనీ మామూలు చక్రాలు కూరుకుపోయే ఆసియా వరి చేల కోసం చైన్ పట్టాల మీద నడిచే క్రాప్ టైగర్ కోత మిషనును తెచ్చింది. నవంబరు వానకు పడిపోయిన చేను గట్టెక్కించాలంటే ఇలాంటి మిషన్లే దిక్కు. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాయి. వాటితో పాటే కంప్యూటరు చెప్పినట్టు నూనె చిమ్మే కామన్ రైల్ ఇంజన్లు పొలాల్లోకి వస్తున్నాయి. పొగ తగ్గుతుంది, అది మంచిదే. అయితే వాటికి జబ్బు చేస్తే చెవి పెట్టి వింటే సరిపోదు, ల్యాప్‌టాప్ తగిలించాలి. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు వచ్చేదాకా చేను ఆగాలి. కొన్నది మనమైనా, అందులో ఏం జరుగుతోందో మనకు తెలియదు.

జర్మనీలో పాత లాంజ్‌లనూ ఐషర్లనూ ఎంతో ప్రేమగా చూసుకుంటారు. స్టట్‌గార్ట్‌లోని హోహెన్‌హైమ్‌లో దేశ వ్యవసాయ మ్యూజియం ఉంది. వేసవి వస్తే పల్లెల్లో పాత ట్రాక్టర్లన్నీ ఒకచోట చేర్చి స్టార్టు చేస్తారు, పిల్లలకు చూపిస్తారు. మన దగ్గర పాత ఇంజను కిలోల లెక్కన తుక్కు కొట్టుకు పోతోంది. ఒంటి సిలిండరు ఐషర్ ఇంజను, పాత మైకో పంపు, రాజ్‌కోట్ ఆయిలింజను, ఇవన్నీ మన వ్యవసాయ చరిత్రలో కాటన్ దొర ఆనకట్ట తర్వాతి అధ్యాయం. ఆనకట్ట నీళ్లు తెచ్చింది, ఈ ఇంజన్లు ఆ నీళ్లను తోడాయి, ఆ నేలను దమ్ము చేశాయి.

అందుకే ఒక విన్నపం. అంబాజీపేట కొబ్బరి పరిశోధన కేంద్రంలోనో, ఏదో ఒక మార్కెట్ యార్డులోనో నాలుగు పాత ఇంజన్లను నడిచే స్థితిలో ఉంచండి. అద్దాల వెనక పెట్టొద్దు. నెలకోసారైనా స్టార్టు చేయాలి. దగ్గర్లోని ఐటీఐ పిల్లలు వాటిని విప్పి బిగించాలి. నేర్పడానికి మన షెడ్లలోని పెద్ద మెకానిక్కులను పిలిచి, గౌరవంగా జీతమిచ్చి కూర్చోబెట్టాలి. నాజిల్ సూది జారే తీరు చూసి మంచీ చెడూ చెప్పగలిగిన చేతులు ఇంకా మన మధ్య ఉన్నాయి, ఇంకో పదిహేనేళ్ల తర్వాత ఉండవు. ఒంటి సిలిండరును ఆసాంతం అర్థం చేసుకున్న కుర్రాడు రేపు కామన్ రైల్‌ను చూసి బెదరడు. ఎందుకంటే అందులోనూ అదే గాలి అదుముకుంటుంది, అదే నూనె చిమ్ముకుంటుంది. ఇంట్లో పాత ఇంజను ఉన్న రైతు సోదరులారా, తుక్కు వ్యాపారిని పిలిచేముందు మీ దగ్గర్లోని ఐటీఐకి ఒక్క ఫోను చేయండి.