తడి స్తంభం కింద గాజు అతుకు

ముసురు పట్టాక నెట్ డబ్బా మీద ఎల్‌ఓఎస్ దగ్గర ఎర్ర లైటు వెలిగిందంటే, కాంతి ఇంటిదాకా రావడం లేదన్నమాట. ఫైబర్ తీగ లోపలి కాంతిని వాన ఆపలేదు. జాయింట్ బాక్సులోకి దిగిన నీరు, కొమ్మ విరిగి పడి నలిగిన తీగ ఆపుతాయి. ఆ చోటు పట్టుకోవడమే కేబుల్ కుర్రాడి విద్య. పవర్ మీటరులో మైనస్ 20 డీబీఎం దగ్గరుంటే లైను బాగున్నట్టే, మైనస్ 28 దాటితే నెట్ నిలవడం కష్టం. ఎర్ర లేజరు పెన్ను తగిలిస్తే విరిగినచోటే తీగ ఎర్రగా మెరుస్తుంది.

అసలు పనితనం అతుకులో ఉంది. 125 మైక్రాన్ల గాజుపోగును తుడిచి, అడ్డంగా తిన్నగా కోసి, స్ప్లైసింగ్ మిషన్‌లో ఎదురెదురుగా పెట్టి కరిగించి కలుపుతాడు. అందులో కాంతి నడిచే దారి 9 మైక్రాన్లే! చినుకుల్లో, గొడుగు కింద, తడి వేళ్లు తుడుచుకుంటూ ఇంత సున్నితమైన పని చేసేవాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు.

మన ఊళ్లలో ఈ తీగలు చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే వెళ్తాయి. ఉరుముల్లో ఎక్కమని ఆ తమ్ముణ్ణి తొందరపెట్టకండి. తెరిపి ఇచ్చాక వస్తానంటే సరేననండి.