జెడ్‌లిబ్ ముందు తోకే ఎందుకు చూస్తుంది?

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న భావనపాడు పడవల జాబితా ఒకటి పాత కంప్యూటర్లో ఉందనుకుందాం. వరుస వరుసకూ ఊరి పేరు వస్తుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆ ఒక్క పేరుకే 24 బైట్లు పడతాయి. భ అంటే 224, 176, 173. పక్కనున్న దీర్ఘం 224, 176, 190. చివరి కొమ్ము 224, 177, 129. ఏ తెలుగు గుర్తుకైనా మొదటి బైటు 224, రెండోది 176 గానీ 177 గానీ. అసలు తేడా అంతా మూడో బైటులోనే.

ఇలాంటి ఫైలును కుదించే పని చాలాచోట్ల జెడ్‌లిబ్‌ది. 1995లో వచ్చింది. కుదించే భాగం జాన్-లూ గాయీ రాశాడు, విప్పే భాగం మార్క్ ఆడ్లర్ రాశాడు. ముందు వచ్చిన ముక్కే మళ్ళీ వస్తే దాన్ని తిరిగి రాయదు. ఎన్ని బైట్లు వెనక్కి వెళ్ళాలో, అక్కణ్ణుంచి ఎన్ని తెచ్చుకోవాలో రాసి ఊరుకుంటుంది. వెనక్కి చూడగలిగేది 32,768 బైట్ల దాకా.

కాలమంతా తినేసేది ఆ వెనకటి ముక్కను వెతకడమే. మూడు బైట్లను కలిపి 15 బిట్ల సంఖ్య కట్టి, అదే సంఖ్య వచ్చిన చోట్లన్నిటినీ ఒక గొలుసులో పెడుతుంది. ఇంగ్లిషులో మూడు బైట్లంటే మూడక్షరాలు, తెలుగులో ఒక్క గుర్తు. అందుకే మన గొలుసులు విపరీతంగా పెరుగుతాయి. పైగా ఒక చిత్రం: భ కు వచ్చే సంఖ్యా, ఒత్తులు రాయడానికి వాడే పొల్లుకు (224, 177, 141) వచ్చే సంఖ్యా మామూలు అమరికలో ఒక్కటే. తెలుగులో పొల్లు లేని వాక్యం దొరకడమే కష్టం. అవన్నీ భ గొలుసులో వచ్చి కూర్చుంటాయి. మన పాత కంప్యూటర్లోది 486 ప్రాసెసరైతే దాని లోపలి క్యాష్ సాధారణంగా 8 కిలోబైట్లే కాబట్టి గొలుసులో గెంతిన ప్రతిసారీ మెమరీ దాకా పరుగెత్తాల్సిన ప్రమాదం ఉంది.

గాయీ పనితనం ఇక్కడే చూడాలి. ‘భావనపాడు’కు జత వెతుకుతుంటే ముందు ‘భామిని’ తగిలిందనుకోండి. భ, దీర్ఘం, ఆపైన 224, 176 కలిశాయి. మొత్తం 8 బైట్లు. తొమ్మిదో బైటు దగ్గర వ కు 181, మ కు 174, తేడా వచ్చింది. తర్వాత గొలుసులో ‘భాగం’ వచ్చింది. మామూలుగా రాసేవాళ్ళెవరైనా మొదటి బైటు నుంచి పోల్చుకుంటూ పోతారు. ఎనిమిది కలిసి, తొమ్మిదో దగ్గర ఆగుతారు. గాయీ నేరుగా తొమ్మిదో బైటే తీస్తాడు. అక్కడ 181 లేకపోతే ఇప్పటికే దొరికిన 8ని మించడం ఎలాగూ కుదరదు. గ కు 151. ఒక్క పోలికతో ‘భాగం’ పక్కకు పోయింది. ఇంకా జతేదీ దొరకకముందు తగిలే పొల్లులు కూడా ఇలాగే మూడో బైటు దగ్గర ఒక్క దెబ్బకు రాలిపోతాయి.

తెలుగు గురించి ఆలోచించి చేసిన ఏర్పాటు కాదిది. అయినా మన లిపికి ఇంతకన్నా బాగా అమరే పద్ధతి నాకు తోచడం లేదు. పోలిక తెగిన చోటునే అతను ముందుగా చూస్తాడు. తెలుగులో పోలిక తెగేది చాలావరకు మూడో బైటు దగ్గరే. దాదాపు ఒకేలా ఉండే మొదటి రెండు బైట్ల మీద ఒక్క క్షణం వృథా కాదు. ఇన్నేళ్ళ తర్వాత ఆ నాలుగు వరుసల కోడ్ చదివినా నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

అయినా గొలుసుకు హద్దు ఉండాలి. అది మనం ఎంచుకున్న కుదింపు స్థాయిని బట్టి ఉంటుంది: 6వ స్థాయిలో 128 చోట్లు చూసి ఆపుతుంది, 9వ స్థాయిలో 4,096 దాకా పోతుంది. ముందు బైటు దగ్గరే ఓ మంచి జత చేతికొచ్చి ఉంటే ఆ హద్దు నాలుగో వంతుకు దిగుతుంది. 6వ స్థాయిలో మంచి జత అంటే 8 బైట్లు, అంటే తెలుగులో మూడు గుర్తులకు ఒక బైటు తక్కువ. పాత యంత్రం మీద తెలుగు ఫైళ్ళకు 9 జోలికి పోకుండా 6 దగ్గర ఉండటమే మేలని నా అభిప్రాయం. విప్పేటప్పుడు ఈ వెతుకులాట ఏదీ ఉండదు. 32 కిలోబైట్లు, ఆపైన మరో 7 ఉంటే ఆడ్లర్ భాగానికి సరిపోతుంది.