దవాఖాన పనితీరు: ఎవరి గడియారం?

నీతి ఆయోగ్ 2021 సెప్టెంబర్‌లో జిల్లా ఆసుపత్రుల పనితీరు మీద ఒక నివేదిక అచ్చేసింది. 707 ఆసుపత్రులు, 2017-18 నాటి లెక్కలు, పది కొలమానాలు. లక్ష జనాభాకు పడకలెన్ని, అందులో నిండేవెన్ని, డాక్టర్లు, నర్సులు సరిపోయినంత ఉన్నారా, ఒక్కో డాక్టరు చూసే ఓపీ ఎంత, సిజేరియన్లు ఎన్ని - ఇవన్నీ ఉన్నయి. క్యాజువాలిటీ గడప దగ్గర మనిషి ఎంతసేపు పడి ఉన్నడన్న లెక్క ఆ పదిలో లేదు. రోగి కులం ఊసు అంతకన్నా లేదు.

పడకల లెక్క అక్కర లేదని మేం అనడం లేదు. కానీ ఇది దవాఖాన లోపల కూసోని చూసిన చూపు. మేం వరండాలోంచి చూసినోళ్లం.

నల్లగొండ, పాలమూరు పల్లెల వాళ్లకు వరండా సంగతి చెప్పనక్కర లేదు. ఒక రాత్రి మా మేనత్తకు కడుపునొప్పి లేస్తే ఆటోల ఒక సర్కారు దవాఖానకు పట్టుకపోయినం. (పేరు రాయం, ఆ ఒక్కదాని మీద మాకు పగ లేదు.) చేరేసరికి పదకొండు. "ఏ ఊరు? ఊర్లె ఏ దిక్కు?" అని వార్డుబాయ్ అడిగిండు. ఏ దిక్కు అంటే ఏం అడుగుతున్నడో మనకు తెలియంది కాదు. డ్యూటీ డాక్టరు వచ్చేసరికి రెండు దాటింది. తెల్లారి చూస్తే రిజిస్టర్‌లో వచ్చిన టైము రెండుంబావు అని ఉంది. మా మూడు గంటలు జరగనే లేదన్నమాట! రేపు ఆ దవాఖాన "సగటు నిరీక్షణ" ప్రకటిస్తే అందులో మా అత్త వంతు సున్నా.

అందుకే లెక్కలు బయటపెట్టండి అని అడిగి ఊరుకుంటే చాలదంటున్నం. ఇంగ్లండులో ఎమర్జెన్సీకి వచ్చిన రోగి సంగతి నాలుగు గంటల్లో తేల్చాలని 2000 సంవత్సరపు ఆరోగ్య ప్రణాళికలో లక్ష్యం పెట్టుకున్నరు. 98 శాతం అన్నరు, 2010లో 95కు దించిండ్రు. ఫలితాలు ప్రచురించిండ్రు కూడా. కొంత మేలు జరిగింది. అయితే గడువు ముగిసే ముందు నిమిషాల్లో రోగుల్ని వార్డులకు తోసే పని పెరిగిందని అక్కడి పరిశోధకులే చూపించిండ్రు. మన దగ్గర 2005 ఆగస్టు 15న మొదలైన 108 గొప్పగా చెప్పుకునే లెక్క ఫోన్ మోగినప్పటి నుంచి బండి వచ్చేదాకా. దవాఖాన గేటు నుంచి డాక్టరు చెయ్యి పడేదాకా ఎవరు లెక్క కడుతున్నరు?

కులం రాస్తే వివక్ష పెరుగుతదని కొందరు మిత్రులు అంటరు. వార్డుబాయ్ రాయకుండనే అడిగిండు గదా! బడి రిజిస్టర్‌లో రాసేది ఇక్కడెందుకు కూడదు? వైద్యం అందినంకనే రాసుకోవాలె, అంతే.

సకాలంలో వైద్యం అందించకపోవడం 21వ అధికరణానికి విరుద్ధమని పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. సకాలం దాటిందని రుజువు చెయ్యాలంటే చేతిల కాగితం ఉండాలె. గేటు దగ్గరే టైము వేసిన చీటీ రోగి మనిషికి ఇయ్యాలె. విద్యార్థులు, టీచర్లు ముందు ఒక పని చెయ్యొచ్చు. మీ జిల్లా దవాఖానకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, క్యాజువాలిటీ రిజిస్టర్‌లో రోగి వచ్చిన టైముకు, డాక్టరు చూసిన టైముకు వేర్వేరు గడులు ఉన్నయా లేవా అడగండి.