వేటధర్మము: నన్నయ ఎఱుకులు, పాంచాలంకుఱిచ్చి కుందేలు

తెలుగు ప్రబంధమును చదువ మొదలిడినవానికి వేట తప్పదు. మహాకావ్యమున వర్ణింపదగిన విషయములలో మృగయను సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథుడు పేర్కొనియున్నాడు. మన కవులు ఆ యవకాశమును వదలుకొనలేదు. మనుచరిత్రమున పెద్దన స్వరోచిని వేటకు పంపెను. వేటకాండ్ర హడావిడి, కుక్కల దూకుడు, అడవిపందుల రోషము కన్నులకు కట్టినట్లు వ్రాసెను. ఇట్టి ఘట్టములలోని స్వభావోక్తిని, పదముల ఉరవడిని విమర్శకులు మెచ్చుకొనిరి. అవి మెచ్చదగినవే. కాని వేటగాడు దేనిని కొట్టవచ్చును, దేనిని కొట్టరాదు అను ప్రశ్నను ఈ కావ్యముల ముందు నిలిపినవారు అరుదు. ఆ ప్రశ్న ఆధునికులు తెచ్చిపెట్టినది కాదు. దానికి సమాధానము నన్నయ భారతముననే ఉన్నది.

ఆదిపర్వమున పాండురాజు వేటకథ అందఱెఱిగినదే. కిందముడను ముని మృగరూపము దాల్చి భార్యతో క్రీడించుచుండగా పాండురాజు బాణమేసెను. చావబోవుచు ముని మాటాడినాడు. ఇచట పాఠకుడు సామాన్యముగా శాపమును మాత్రము జ్ఞాపకముంచుకొనును. భార్యను కూడిన క్షణముననే నీకును మరణము కలుగునన్న ఆ శాపమే తరువాతి కథకు మూలమగుటచే అది సహజమే. నా దృష్టిలో శాపముకంటె దానికి ముందున్న వాదము విలువైనది. మృగములను చంపుట రాజులకు ధర్మమేయని పాండురాజు వాదించును. ముని వేటను నిందింపడు. వేటకొక హద్దున్నదని మాత్రము చెప్పును. పరుగెత్తలేని మృగమును, ఈనుచున్నదానిని, తెవులుగొన్నదానిని, జతగూడియున్నదానిని మాంసముకొఱకే వేటాడు ఎఱుకులు సైతము కొట్టరని అతని మాటల సారము.

ఈ మాటలలో బరువంతయు 'ఎఱుకులు సైతము' అనుటయందున్నది. రాజునకు ధర్మము నేర్పుటకు ముని స్మృతిని చూపలేదు, అడవిలో బ్రదుకువానిని చూపెను. ఎఱుకునకు వేట కూడు. పాండురాజునకు వేట వేడుక. ఒకపూట మాంసము దొరకకున్నచో పస్తుండవలసినవాడు పాటించు కట్టుబాటును, ఏ కొఱతయు లేని రాజు పాటింపలేదు. నన్నయ రాజరాజనరేంద్రుని ఆస్థానమున కూర్చుండి ఈ మాట వ్రాసెనని తలచుకొన్నప్పుడు దాని ధైర్యము తెలియును. మనుస్మృతి మృగయను కామజవ్యసనములలో మొదట లెక్కించినది. కౌటిల్యుడు జూదముకంటె వేటయే మేలని, అందు వ్యాయామమున్నదని సమర్థించినాడు. ఇరువురును రాజు మేలుకీళ్లనే చూచిరి. మృగము పక్షమునుండి విషయమును చూచినది కిందముడొక్కడే. అతడప్పుడు మృగముగానే ఉన్నాడు గదా!

ఆ నాలుగింటిలో మొదటిది మఱింత ఆలోచింపదగినది. పరుగెత్తగలదానినే వెంటాడవలెను, అనగా తప్పించుకొను అవకాశము మృగమున కుండవలెను. అమెరికాలో థియోడర్ రూజ్‌వెల్టు ప్రభృతులు 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు వేటగాండ్రకు బోధించిన నియమములలో ప్రధానమైనది సరిగా ఇదే. దీనిని పాశ్చాత్యులు తెచ్చిన క్రీడామర్యాదయని మనలో కొందఱు తలచుచుందురు. పదునొకండవ శతాబ్దమున గోదావరీతీరమున ఒక తెలుగుకవి దీనిని కొత్త సంగతిగా గాక లోకమెఱిగిన సంగతిగా వ్రాసెను.

ఇది నన్నయ కల్పించిన ఆదర్శము మాత్రమేనా, నిజముగా వేటగాండ్ర ఆచారమా అను సందేహము కలుగవచ్చును. దీనికి తమిళమునుండి సాక్ష్యము దొరకుచున్నది. పన్నెండవ శతాబ్దమున శేక్కిళారు రచించిన పెరియపురాణమున కన్నప్పనాయనారు చరితము కలదు. మన తిన్నడే ఆ కన్నప్ప. ధూర్జటి శ్రీకాళహస్తిమాహాత్మ్యమున పాడినదియు ఆ భక్తుని కథయే. శేక్కిళారు తిన్నని తొలివేటను భీకరముగా వర్ణించెను. బాణములు దూసికొనిపోవును, మృగములు కుప్పలుగా కూలును. ఆ హింస నడుమ హఠాత్తుగా ఒక పద్యము వచ్చును. ఏనుగుగున్నలను ఆ వీరులు వెంబడింపరు, చిన్నకూనలను చంపరు, చూలుతో అడుగులు తడబడు లేళ్లను బాధింపరు. అంతియే. మరల వేట సాగును. కవి దానిని మెచ్చుకొనుటకై ఆగలేదు, వ్యాఖ్యానింపలేదు. విల్లు పట్టువాని పని ఇట్లుండునని చెప్పినట్లే చెప్పి ముందునకు నడచెను. నన్నయయందు ఈ నియమము నేరారోపణగా వచ్చినది, శేక్కిళారునందు వృత్తివర్ణనగా వచ్చినది. ఒకరిని చూచి ఒకరు వ్రాసిరనుటకంటె, ఇరువురును ఒకే జీవితమును చూచి వ్రాసిరనుట సమంజసముగా తోచుచున్నది.

పెద్దనకాలమునకు ఈ స్వరము మారినది. మారన తెనిగించిన మార్కండేయపురాణమునుండి పెద్దన గ్రహించిన కథలో స్వరోచి వరాహమును కొట్టబోవుచుండగా ఒక లేడి అడ్డువచ్చి ఆ బాణమును తనపై వేయుమని వేడును. ఎంతటి ఘట్టము! నన్నయ చేతిలో పడినచో ఏమగునో ఊహింపవచ్చును. కాని కథ వేఱు త్రోవ పట్టును. లేడికి కలిగిన బాధ విరహబాధ. కౌగిట చేర్చగనే అది వనదేవతయగును, ఆమెయందు స్వారోచిషమనువు జన్మించును. శృంగారదృష్టితో ఇది రమ్యమే. అయినను నన్నయ మృగము రాజును నిలదీయగా, ఇచట మృగము రాజును వలచినది. వేటధర్మము ప్రబంధమున అలంకారమై కరగిపోయినదని నా అభిప్రాయము.

అయితే అది జనుల నోట నిలిచియున్నది. ఇందుకు మన సీమకథయే నిదర్శనము. 1529 ప్రాంతమున విశ్వనాథనాయకుడు మధురలో పాలన స్థాపించిన కాలమునకు ముందును తరువాతను తెలుగువారు అలలు అలలుగా ఈ కరిసల్ నేలకు వచ్చిరి. కోవిల్పట్టి, సాత్తూరు, తాయిల్పట్టి పరిసరములలో ఇంటిమాటగా తెలుగు నేటికిని నిలిచియుండుట ఆ వలసల ఫలమే. కట్టబొమ్మన వంశము వారును తెలుగు మాటాడు రాజకంబళము వారే. వారి పూర్వులు వేటకేగగా, వేటకుక్కలు తఱిమిన కుందేలు ఒకచోట వెనుదిరిగి ఆ కుక్కలనే తఱిమెననియు, ఆ నేలలో వీర్యమున్నదని గ్రహించి అచ్చట పాంచాలంకుఱిచ్చి కోటను కట్టిరనియు కథ. విజయనగరస్థాపనమును గూర్చియు ఇదే కథ యున్నది. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ పదునాఱవ శతాబ్దమున దానిని వ్రాసిపెట్టెను. అహమ్మదాబాదునకును ఇట్టిదే కలదు. ఇది సంచరించు కథ. తుంగభద్రాతీరమునుండి మనవారు మూటలతోబాటు దీనిని తెచ్చుకొనిరని నా ఊహ.

ఈ కథను మనవారు వీరగాథగానే చెప్పుకొందురు. 1799 అక్టోబరు 16న కయత్తాఱులో కట్టబొమ్మనను ఉరితీసిన పిమ్మట, 1801లో కోట నేలమట్టమైన పిమ్మట ఆ వ్యాఖ్య మఱింత బలపడుట న్యాయమే. కాని కథలో జరిగినదేమో చూడుడు. వేటగాడు కుందేలును కొట్టినాడని కథ చెప్పదు. ఎదురు తిరిగిన అల్పప్రాణిని చూచి అతడు నిలిచిపోయినాడు, దాని శౌర్యమును గుర్తించినాడు, ఆ గుర్తింపుపై ఊరు కట్టినాడు. వీర్యము నేలదా, కుందేలుదా, కుందేలును చూచి ఆగగలిగిన మనిషిదా అని అడిగినచో మూడవ సమాధానము కూడ ఆ కథలో ఇమిడియున్నది.

ఇంతగా వ్రాయుటకు కారణమున్నది. ఈ కథనే చూపి 'వేట మా కులవిద్య' యని రాత్రివేళ కుక్కలతో పొలములపై పడువారు నేటికిని కలరు. మన పొరుగూరు చిప్పిపారై పేరుగల సన్నని వేటకుక్క కుందేళ్లను పట్టుటలో ప్రసిద్ధి. తెల్లని రాజపాళయము కుక్క పందివేటకు పేరుగాంచినది. 2005లో భారత తపాలాశాఖ దాని బొమ్మతో బిళ్లను వెలువరించినది. ఆ జాతులను కాపాడుకొనుట మెచ్చదగిన పని. కాని 1972 నాటి వన్యప్రాణిసంరక్షణచట్టము తరువాత కుందేలును వేటాడుటయు నేరమే. బలమైన దీపము కంటిలో కొట్టి, కదలక నిలిచిపోయిన కుందేలుపై కుక్కను వదలుట చట్టమునకే కాదు, నన్నయ ఎఱుకు చెప్పిన మొదటి నియమమునకును విరుద్ధము. ఆ కుందేలు పరుగెత్తలేనిది. దీనికి పూర్వుల పేరు వాడుకొనుట పూర్వులను చదువకపోవుటయే.

మఱియొకటి చెప్పక తప్పదు. 2020 మే 27న కేరళలోని పాలక్కాడు జిల్లాలో ఒక చూలి ఏనుగు నదిలో నిలువునా చనిపోయినది. పందులకై మందుగుండు కూరి పెట్టిన కాయను అది కొఱికినది. నోరు ఛిద్రమై, మేత మేయలేక, నీటిలో దిగి నిలిచినది. మందుగుండుతో కూడు తినువారి ఊరు తాయిల్పట్టి. మందు ఒంటిని ఏమి చేయునో ఇచటివారికి ఒకరు చెప్పనక్కరలేదు. వల, ఉచ్చు, బాంబు అనునవి వచ్చినదెవరో చూడవు. చూలిదియా, కూనయా, తెవులుదియా అని తెలిసికొనుటకు అచ్చట వేటగాడే ఉండడు. శేక్కిళారు నియమమంతయు చూచి ఆగు కన్నుపై ఆధారపడినది.

వేటయందలి ఉత్సాహమును రక్తము లేకుండ నిలుపుకొనిన తెరవు మన వారికి కొత్త కాదు. తిరుమలలో కనుమనాడు స్వామికి పారువేట జరుగును. అహోబిలమున నృసింహస్వామి పారువేట పేర చుట్టుపట్ల ఊళ్లన్నియు తిరుగును. తమిళదేశపు కోవెలలలోను పారివేట కలదు. ఈటె విసరుదురు, మృగము చావదు. ఇంక పాంచాలంకుఱిచ్చికి అంత దూరము గాని వల్లనాడు కొండపై 1987లో కృష్ణజింకలకు అభయారణ్యము ఏర్పడినది. ఆ గుట్టపై మేయు జింకలు ఈ జాతి సహజముగా నివసించు చోట్లలో మిక్కిలి దక్షిణమున ఉన్నవి. మన ఇండ్లలోని వృద్ధులు చెప్పు వేటకథలను, వారు వాడు వేటమాటలను, 'దీనిని కొట్టరాదు' అని వారు ఎఱిగిన కట్టుబాట్లను వారుండగనే వ్రాసిపెట్టుకొన్నచో నన్నయ వాక్యమునకు ఇంటివ్యాఖ్య యొకటి మన చేతిలో నిలుచును.