కొడుకు మాట, తండ్రి చెవి: జాతిస్మర కథనంలో వినేవారి స్థానం

ఉపోద్ఘాతం

పూర్వజన్మను స్మరించగలవారిని మన వాఙ్మయం జాతిస్మరులు అంటుంది. ఇక్కడ 'జాతి' అంటే పుట్టుక. నేటి అర్థంతో దీనికి సంబంధం లేదు. జాతిస్మర కథలను మన విమర్శ ఎక్కువగా రెండు దారుల్లో పరిశీలించింది. కర్మ సిద్ధాంతానికి దృష్టాంతంగా చూడటం ఒకటి, కథను మలుపు తిప్పే సాధనంగా చూడటం మరొకటి. రెండింటిలోనూ దృష్టి స్మరించే వ్యక్తి మీదనే నిలిచింది. ఆ వ్యక్తి పసివాడైనప్పుడు అతని మాటను మొదట వినేది తల్లిదండ్రులు. 'నాకు వేరే ఇల్లుంది, వేరే అమ్మ ఉంది' అని బిడ్డ అన్నప్పుడు, ఆ మాటకు అర్థం చెప్పే బాధ్యతా, ఆ మాట వల్ల కలిగే నష్టమూ వారివే. జాతిస్మర కథలో నిజంగా పరీక్షకు నిలిచేది కన్నవారి అధికారమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బిడ్డ జ్ఞాపకం సత్యమా, అసత్యమా అన్న ప్రశ్న దాని తరువాతిది.

సుమతి తండ్రి అడిగిన ప్రశ్న

ఈ విషయంలో మార్కండేయ పురాణంలోని తండ్రీకొడుకుల సంవాదం అత్యంత విలువైనది. తిక్కన శిష్యుడైన మారన ఈ పురాణాన్ని తెనిగించి, కాకతి ప్రతాపరుద్రుని సేనాని గన్నయకు అంకితమిచ్చాడు. పెద్దన మనుచరిత్రకు మూలం ఇందులోనే ఉండటంతో విమర్శకుల దృష్టి ఎక్కువగా స్వారోచిష కథ మీద పడింది. సుమతి కథకు ఆ అదృష్టం దక్కలేదు.

భార్గవ వంశీయుడైన ఒక బ్రాహ్మణుడికి సుమతి అనే కొడుకు. చూడటానికి జడుడు. తండ్రి అతనికి జీవితమంతా వరుసగా ఏర్పరచి చెబుతాడు: వేదం చదువు, గురుసేవ చెయ్యి, గృహస్థువై యజ్ఞాలు చెయ్యి, బిడ్డలను కను, ఆపైన అడవికి వెళ్ళు. కొడుకు పలకడు. తండ్రి మళ్ళీ మళ్ళీ చెబుతాడు. చివరికి కొడుకు నవ్వి, తండ్రి చెప్పినవన్నీ ఎన్నోసార్లు చేసి విడిచినవేనని, పదివేలకు పైగా జన్మలు తనకు జ్ఞాపకానికి వస్తున్నాయని, ఆ జన్మల్లో పలువురు తల్లులను, పలువురు తండ్రులను చూశానని అంటాడు.

చివరి మాట దగ్గర ఆగాలి. వేదాంత దృష్టికి అది వైరాగ్య వాక్యం. ఎదురుగా కూర్చున్న తండ్రికి మాత్రం తాను ఒక పొడవైన జాబితాలో ఒక పేరు మాత్రమేనన్న వార్త. అప్పుడు ఆ తండ్రి ఏమంటాడన్నది పురాణకర్త లోకజ్ఞానానికి గీటురాయి. ఆయన వెంటనే నమస్కరించడు, కోపించడు. ఈ జ్ఞానం నీకు ఎక్కడిది, ఇంతకాలం ఆ జడత్వం ఎందుకు, ఇప్పుడీ మెలకువ ఎందుకు, ఏ మునో దేవతో ఇచ్చిన శాపం తాలూకు వికారమా ఇది అని అడుగుతాడు. ఆశ్చర్యం, సంతోషం, అనుమానం ఒకే ఊపిరిలో కలిసిన ప్రశ్న ఇది. బిడ్డలో తనకు అంతుపట్టనిది కనిపించగానే దానికి ముందుగా ఒక రోగకారణం వెతికే కన్నవారి స్వభావం ఇందులో స్పష్టంగా పట్టుబడింది. ఆనాటికి శాపం, నేటికి వైద్యుడి చీటీ.

ఆ తరువాత సంవాదంలో స్థానాలు తారుమారవుతాయి. అడిగేది తండ్రి, చెప్పేది కొడుకు. నరకవర్ణనలు, దత్తాత్రేయుని వృత్తాంతం, మదాలస కథ అన్నీ కొడుకు నోటినుండే వస్తాయి. తొట్టెలోని బిడ్డకు తత్త్వం బోధించిన తల్లి కథను, తండ్రికి తత్త్వం బోధిస్తున్న కొడుకు చెప్పడం ఈ కూర్పులోని విశేషం. ఒకచోట పెద్దలు పసివారికి గురువులు, మరొకచోట పసివారు పెద్దలకు గురువులు. ఈ రెండు కథలనూ విడివిడిగా పాఠ్యాంశాలుగా బోధించే మన అలవాటు వల్ల ఈ పొందిక విద్యార్థులకు చేరడం లేదు.

వినని తండ్రి, సభలో మాట్లాడిన పసికందు

భాగవత పంచమ స్కంధంలోని జడభరతుడి తండ్రి ఇందుకు పూర్తిగా భిన్నం. ఈ స్కంధాన్ని తెనిగించినవాడు గంగన. భరతుడు లేడి జన్మ దాటి బ్రాహ్మణుడి ఇంట పుట్టాడు. మళ్ళీ మమకారంలో చిక్కుకోకూడదన్న భయంతో మందబుద్ధిలా ప్రవర్తించాడు. తండ్రి ప్రేమతో గాయత్రి నేర్పించబోయి విఫలుడై, కోరిక తీరకుండానే మరణించాడు. సుమతి తన రహస్యాన్ని తండ్రికి చెప్పుకొన్నాడు, భరతుడు దాచుకొన్నాడు. పాఠకుడికి తెలిసింది తండ్రికి తెలియదు. ఈ కథను చదివేటప్పుడు మన దృష్టి రహూగణుడి పల్లకి దాకా పరుగెత్తుతుంది కానీ, కొడుకు మీద బెంగతో పోయిన ఆ తండ్రి దగ్గర ఆగదు.

పింగళి సూరన కళాపూర్ణోదయంలో స్మరించేది పాలు తాగే పసికందు. కలభాషిణి మరుజన్మలో మధురలాలసగా, మదాశయుడికీ రూపానుభూతికీ కూతురుగా పుడుతుంది. కళాపూర్ణుడి సభలో రత్నహారంలోని మణి ఎదను తాకగానే ఆమెకు పూర్వజన్మ గుర్తుకు వస్తుంది. ఆమె వృత్తాంతమంతా చెబుతుంది. కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వ విచారము' (1914) నాటి నుండి ఈ ఘట్టం సూరన కథాకల్పనకు సంబంధించిన చర్చలోనే నిలిచిపోయింది. అది సరైన చర్చే. అయితే అక్కడ కన్నవారి స్థితి ఏమిటన్న ప్రశ్న మిగిలి ఉంది. కూతురి తొలి పలుకులు వారికోసం పలికినవి కావు. నిండుసభలో, భవిష్యత్తులో తనకు భర్త కాబోయే రాజు ఎదుట పలికినవి. ఆ సభలోనివారికి తెలిసిన తునకలతో ఆమె మాట అతుకుతుంది కనుక దానికి సాక్ష్యబలం వస్తుంది. సుమతి మాటకు తండ్రి తప్ప సాక్షి లేడు. ఇంట్లో పుట్టిన మాట సభకెక్కితే కన్నవారు శ్రోతలలో ఇద్దరిగా మిగిలిపోతారన్నది సూరన కల్పన సూచించే సత్యం.

కథ నుండి నివేదికకు

ఇరవయ్యవ శతాబ్దంలో ఆ సభ స్థానాన్ని పత్రికలు, విచారణ సంఘాలు ఆక్రమించాయి. 1926లో ఢిల్లీలో పుట్టిన శాంతిదేవి నాలుగేళ్ల ప్రాయం నుండే తన ఇల్లు మథురలో ఉందని, అక్కడ తనకు భర్త ఉన్నాడని చెప్పేదట. 1935లో పదిహేనుమంది సభ్యుల సంఘం ఆమెను మథురకు తీసుకువెళ్ళింది. 1936లో నివేదిక వెలువడింది. ఆమె చాలాకాలం భర్త పేరు మాత్రం చెప్పలేదని కథనాలు పేర్కొంటాయి. పెనిమిటి పేరు నోట పలకని ఇల్లాళ్లను చూసిన తెలుగు పాఠకులకు ఈ వివరం వెంటనే అందుతుంది. దానిని నమ్మేవారు పూర్వజన్మ సంస్కారమంటారు. నమ్మనివారు చుట్టూ ఉన్న స్త్రీలను చూసి పిల్ల నేర్చుకొన్న మర్యాద అంటారు. నా దృష్టిలో రెండవదే సమంజసం. అయితే మొదటిది ఎందుకంత బలంగా తోస్తుందో వివరించగలిగితేనే రెండవ వాదానికి విలువ.

విచారణ నాటికి ఆమెకు దాదాపు తొమ్మిదేళ్ళు. మొదటి మాటలకూ కాగితానికీ మధ్య అయిదేళ్ళ ఇంటి సంభాషణ ఉంది. ఎవరు ఏమి అడిగారు, ఏ జవాబుకు నవ్వారు, ఏ జవాబుకు గద్దించారు అన్నవి నివేదికకు ఎక్కవు. వర్జీనియా విశ్వవిద్యాలయ మనోవైద్యుడు ఇయాన్ స్టీవెన్సన్ 1966లో ఇరవై ఉదంతాలతో గ్రంథం ప్రచురించాడు. ఇటువంటి పిల్లలు సాధారణంగా రెండు నుండి అయిదేళ్ళ మధ్య మాట్లాడటం మొదలుపెట్టి, అయిదు నుండి ఎనిమిదేళ్ళ మధ్య మానేస్తారని ఆయన గమనించాడు. పరిశోధకుడు వచ్చేసరికి పిల్ల మరిచిపోవచ్చు, తల్లి మరవదు. అందువల్ల ఈ ఉదంతాల్లో మనం చదువుతున్న పాఠానికి చాలావరకు కర్తలు కన్నవారే. శాంతిదేవి విషయంలో అలా తయారైన కథ ఆమెను విడిచిపెట్టలేదు. 1987లో మరణించేదాకా ఆమె అవివాహితగానే ఉంది. సుమతికి మోక్షమార్గమైన స్మృతి ఇక్కడ ఒక స్త్రీకి జీవితమంతా మోయవలసిన గుర్తింపైంది.

బెంగళూరు నిమ్హాన్స్‌లో పనిచేసిన సత్వంత్ పస్రీచా, దక్షిణ భారతంలో ఇటువంటి ఉదంతాలు ఎందుకంత తక్కువగా నమోదవుతున్నాయన్న ప్రశ్నతోనే ఒక వ్యాసం రాశారు. జాతిస్మర కథలను ఇంతగా చెప్పుకొన్న తెలుగునేలకు ఆ ప్రశ్న వర్తిస్తుంది. నాకు తోచిన సమాధానం ఊహామాత్రమే. మన ఇళ్ళలో పునర్జన్మను గుర్తించేది బిడ్డ కాదు, పెద్దలు. 'మా నాయనమ్మే మళ్ళీ పుట్టింది' అని పురిటిగదిలోనే తేల్చి ఆ పేరే పెడతారు. నడకలో, కోపంలో, అన్నం కలుపుకొనే తీరులో పోలికలు వెతికేదీ వారే. ఆ పిల్ల వేరే ఊరిని, వేరే అమ్మను తలచుకోవలసిన అవసరం ఉండదు; ఆమె పూర్వజన్మ ఆ ఇంటిలోనే, గోడమీది పటంలో దండ వేసుకొని ఉంటుంది. జ్ఞాపకం పెద్దలది, పేరు పిల్లది. ఈ ఊహ నిలుస్తుందో లేదో తేలాలంటే తెలుగు ప్రాంతాల్లోని పేర్ల ఆచారాలను, పురిటింటి మాటలను సేకరించాలి. జానపద విభాగాల పరిశోధకులకు ఆ పని అందుబాటులోనే ఉంది.